బడిలో పిల్లల మనసు ఎవరి బాధ్యత? గోదావరి డెల్టా ఉన్నత పాఠశాలల సంగతి

మలికిపురం, సఖినేటిపల్లి, నరసాపురం వైపు ఉన్నత పాఠశాలల్లో ప్రోగ్రెస్ కార్డుల కట్ట తిరగేస్తే, తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన గడిలో అమ్మమ్మల వేలిముద్రలు తరచుగా ఎదురవుతాయి. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఒకరి ఇంట్లో పని చేస్తూ ఉంటుంది. తండ్రి చెరువు గట్టు మీదో, వలస పనిలోనో ఉంటాడు. లెక్కల్లో ముప్ఫై మార్కులు తగ్గాయన్న సంగతి బడికి తెలుసు, వేలిముద్ర వేసిన పెద్దావిడకు తెలియదు. ఆ తగ్గడానికి ముందు ఇంట్లో ఏం జరిగిందో పెద్దావిడకు తెలుసు, బడికి తెలియదు. ఈ రెండింటినీ కలిపి చూసే మనిషిని మన వ్యవస్థ ఇంతవరకు నియమించలేదు.

ఉన్నత పాఠశాలలో పాఠం చెప్పడానికి మనిషి ఉన్నాడు, పరీక్షకు పట్టిక ఉంది, మధ్యాహ్న భోజనానికి రిజిస్టరు ఉంది, వీటన్నిటికీ తనిఖీ ఉంది. పిల్లవాడు ఎలా ఉన్నాడో కనిపెట్టి చూసే పని మాత్రం అందరు ఉపాధ్యాయులదీ అంటారు. అందరి పని అన్నాక అది ఎవరి పనీ కాకుండా పోతుంది. మంచి టీచరు ఉన్న తరగతి పిల్లలు అదృష్టవంతులు, మిగిలినవారి సంగతి దైవాధీనం. పన్నెండు నుంచి పదహారేళ్ల మధ్య వయసును అదృష్టానికి వదిలేయడం ఎంత ప్రమాదమో అంకెలు చెబుతూనే ఉన్నాయి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. దేశ సగటును ఒక తరగతి గదికి అలాగే అతికించడం సరికాదు గానీ, నలభై మంది ఉన్న తొమ్మిదో తరగతిలో ఇద్దరు ముగ్గురు అలాంటి పిల్లలు ఉంటారని అనుకోవడానికి అది చాలు. మానసిక సమస్యల్లో సగం పద్నాలుగేళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఎనిమిది, తొమ్మిది తరగతులు. పదో తరగతి ఫలితాల మీద పెట్టే శ్రద్ధలో పావు వంతైనా ఆ రెండేళ్ల మీద ఏ బడీ పెట్టడం లేదు.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఈ విషయంలో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో ఉండి నీట్‌కు చదువుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసు అది. దేశమంతటికీ వర్తించేలా పదిహేను మార్గదర్శకాలను కోర్టు ప్రకటించింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించాలని చెప్పింది. అంతకంటే చిన్న సంస్థలు పిల్లలను బయటి నిపుణుల దగ్గరికి పంపేందుకు అధికారికంగా ఏర్పాటు చేసుకోవాలని చెప్పింది. డెల్టాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు చాలావరకు వంద దాటినవే. తీర్పు గొప్పది. అయితే రేపే కౌన్సెలరు వచ్చి కూర్చున్నా, ఆ గది తలుపు దాకా పిల్లవాణ్ని నడిపించుకుని వెళ్లే మనిషి ఒకరు కావాలి. ‘నాకు మనసు బాగోలేదు’ అని పద్నాలుగేళ్ల కుర్రాడు తనంతట తాను వెళ్లి చెప్పడు. ముందు ఎవరో గమనించాలి. ఆ గమనించేది రోజూ చూసేవారే కావాలి. కౌన్సెలరు రాక కోసం ఎదురుచూడకుండా బడులు ఇప్పుడే మొదలుపెట్టదగ్గది అక్కడే.

పిల్లల బాధలకు ప్రాంతంతో సంబంధం ఉంటుంది. డెల్టాలో వాటికి కొన్ని ప్రత్యేకమైన కారణాలు ఉన్నాయి. అన్నిటికంటే విస్తృతమైనది, అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది గల్ఫ్.

కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు పరిసరాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్లే ఆడవాళ్లు దశాబ్దాలుగా ఉన్నారు. వెళ్లేటప్పుడు పిల్లకు ఆరేళ్లో ఏడేళ్లో ఉంటాయి. రెండేళ్ల ఒప్పందం అంటారు, అది నాలుగవుతుంది, ఆరవుతుంది. ఇల్లు లేస్తుంది, అప్పు తీరుతుంది, ఆడపిల్ల పేరున బంగారం చేరుతుంది. ఆ తల్లి త్యాగాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ ఇంట్లో ఒక చిత్రమైన నిశ్శబ్దం కూడా పెరుగుతుంది. అక్కడ తాను పడే కష్టం తల్లి చెప్పదు, పిల్లలు బెంగపెట్టుకుంటారని. ఇక్కడి కష్టం పిల్ల చెప్పదు, అమ్మ అంత దూరంలో ఏడుస్తుందని. అమ్మమ్మ ఇద్దరికీ చెప్పదు, తన పెంపకానికి మాట వస్తుందని. వీడియో కాల్‌లో ముగ్గురూ నవ్వుతారు. ఫోను పెట్టేశాక ఎవరి గదిలో వారు.

బడికి ఇది ఎలా కనబడుతుంది? ఏడ్చే పిల్ల రూపంలో కనబడటం అరుదు. ఎక్కువగా అతి మంచి పిల్ల రూపంలో కనబడుతుంది. ఏ పని చెప్పినా ‘అలాగే టీచర్’ అంటుంది, తమ్ముడి ఫీజు తనే కడుతుంది, తమ్ముడు కొట్టుకుంటే తనే క్షమాపణ చెబుతుంది, కడుపునొప్పి అని నెలలో మూడుసార్లు ఇంటికి వెళ్తుంది. లేదా ఖరీదైన ఫోను చేతిలో ఉండి, మాట వినని కుర్రాడి రూపంలో కనబడుతుంది. ‘డబ్బు ఎక్కువై చెడిపోయాడు’ అని స్టాఫ్‌రూములో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఫోను తల్లి పంపిన ప్రేమ అనీ, ఆ కుర్రాడు రాత్రి రెండింటి వరకు ఆడే ఆట ఇంట్లో మరో మనిషి గొంతు వినబడని రాత్రిని దాటడానికి దొరికిన దారి అనీ ఆ మాట అన్నవారికి తట్టదు.

ఏటా బడి తెరిచిన మొదటి వారంలో తరగతి ఉపాధ్యాయుడు ప్రతి పిల్లవాడినీ విడిగా పిలిచి మూడు ప్రశ్నలు అడిగితే సగం చిత్రం తెలిసిపోతుంది. ఇంట్లో నీతో ఎవరెవరు ఉంటారు? రాత్రి ఎవరి ఇంట్లో పడుకుంటావు? ఒంట్లో బాగోకపోతే ముందు ఎవరికి చెబుతావు? రెండో ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది గానీ చాలా బయటపెడుతుంది. పగలు అమ్మమ్మ దగ్గర, రాత్రి మేనమామ ఇంట్లో, ఆదివారాలు నాన్న దగ్గర, ఇలా మూడిళ్ల మధ్య తిరిగే పిల్లలు ఉన్నారు. పుస్తకాలు ఒక ఇంట్లో, యూనిఫాం ఒక ఇంట్లో. హోంవర్కు ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు సమాధానం అక్కడ ఉంటుంది. మూడో ప్రశ్నకు ‘ఎవరికీ చెప్పను’ అన్న పిల్లల పేర్ల పక్కన చుక్క పెట్టుకోవాలి. ఆ ఏడాదంతా ముందుగా చూడాల్సిన పేర్లు అవే.

తల్లితో బడి నేరుగా మాట్లాడటానికి ఇప్పుడు సాంకేతికంగా ఏ అడ్డూ లేదు. అడ్డు వేళల్లో ఉంది. ప్రభుత్వం మెగా పేరెంట్-టీచర్ సమావేశాలు పెట్టడం నిజంగా మంచి ఆరంభం. మొదటిది 2024 డిసెంబరు 7న, రెండోది 2025 జూలై 10న జరిగాయి. ఒకటి శనివారం, ఇంకొకటి గురువారం. కువైట్‌లో పని చేసే తల్లికి కాస్త తీరిక దొరికేది శుక్రవారమే, అదీ యజమాని ఇస్తే. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నరకు సమావేశం మొదలైతే అక్కడ ఏడు గంటలు, ఇంటిపనిలో ఊపిరి సలపని వేళ. నెలకు ఒక శుక్రవారం సాయంత్రం అరగంట, తల్లులు దూరాన ఉన్న పిల్లల కోసం తరగతి ఉపాధ్యాయుడు ఫోను దగ్గర కూర్చుంటే చాలు. దానికి జీవో అక్కర్లేదు. ప్రధానోపాధ్యాయుడి మాట చాలు. ఆ అరగంటను ఉపాధ్యాయుడి పనివేళల్లో లెక్కించడం మాత్రం తప్పనిసరి. దయతో చేసే పని రెండు నెలలు సాగుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది.

ఇక నది. డెల్టా పిల్లల చదువుకు గోదావరి పెట్టే క్యాలెండరు వేరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. లంక గ్రామాల పిల్లలకు ఈ అంకెలు ఎక్కాల కంటే ముందే వస్తాయి. రెండో హెచ్చరిక వస్తే కాజ్‌వేలు మునుగుతాయి, బడికి పడవ తప్ప దారి ఉండదు. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడినప్పుడు అందులో బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లలు ఉన్నారు. విద్యార్థినులు గల్లంతయ్యారు. అలాంటి ఘటన తర్వాత వంతెన గురించి, లైఫ్ జాకెట్ల గురించి మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. ఆ మర్నాడు తరగతిలో ఖాళీ అయిన బెంచీ పక్కన కూర్చున్న పిల్ల గురించి మాట్లాడేవారు తక్కువ. ఆ పిల్ల మళ్లీ అదే రేవులో పడవ ఎక్కాలి. బడికి రాను అంటే అది బద్ధకం కాదని ఇంట్లోవారికి ఎవరో ఒకరు చెప్పాలి.

వరద వచ్చినప్పుడు ఎత్తైన చోట కట్టిన ఉన్నత పాఠశాలే పునరావాస కేంద్రం అవుతుంది. తను పాఠం విన్న గదిలో తన ఇంటివారు చాప పరుచుకుని పడుకోవడం, అధికారి ఇచ్చే పులిహోర పొట్లానికి నాన్న వరుసలో నిలబడటం పిల్లవాడు చూస్తాడు. పది రోజుల తర్వాత గది కడిగి, బ్లీచింగ్ చల్లి, బల్లలు సర్ది, ఆగిన పాఠం దగ్గరి నుంచి మొదలుపెడతారు. సిలబస్ వెనకబడిందన్న ఆత్రం అర్థం చేసుకోదగ్గదే. అయినా ఆ మొదటి రోజు మొదటి రెండు పీరియడ్లు పిల్లల మాటలకు వదిలిపెట్టాలి. ఎవరి ఇల్లు ఎంత మునిగింది, పశువులు ఏమయ్యాయి, పుస్తకాలు ఎవరికి పోయాయి, ఎవరికి నిద్ర పట్టడం లేదు. మాట్లాడలేని పిల్లలు బొమ్మ వేస్తారు, లేదా ఒక పేజీ రాస్తారు. చాలామంది పిల్లలు ఇలాంటి సంఘటన నుంచి కొద్ది వారాల్లో తేరుకుంటారు. నెల గడిచినా నిద్రపట్టనివారు, వాన చప్పుడుకు వణికేవారు, చదువు పూర్తిగా వదిలేసినవారు ఒకరిద్దరు ఉంటారు. వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి దాకా తీసుకెళ్లాలి. ఆ ఒకరిద్దరు ఎవరో తెలియాలంటే మొదటి రోజు మాట్లాడించి ఉండాలి. 1996 నవంబరు 6 తుపాను నాటికి నేటి తల్లిదండ్రుల్లో చాలామంది బడి పిల్లలే. కొబ్బరి తోటలు నేలమట్టమైన ఆ రాత్రి గురించి వారు ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు.

2022 వేసవి మరీ ప్రత్యేకమైనది. కోనసీమ జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చే విషయమై మే 24న అమలాపురంలో హింస జరిగింది, ఇళ్లు తగలబడ్డాయి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగింది. జూలైలో బడులు తెరిచారు. అదే నెలలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. ఒకే తరగతిలో అన్ని కులాల పిల్లలూ కూర్చుంటారు. వేసవిలో పెద్దలు మాట్లాడుకున్నదంతా విని వచ్చి, పక్క బెంచీ వైపు కొత్త కళ్లతో చూసుకునే పిల్లలతో ఏ పాఠం మొదలుపెట్టాలి? కులం ఊసు తరగతిలో ఎత్తకూడదన్నది చాలామంది ఉపాధ్యాయుల అభిప్రాయం. ఎత్తకపోయినా అది అక్కడే ఉంటుంది. మంచినీళ్ల దగ్గర ఎవరు ముందు తాగుతారు, భోజనానికి ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, వాట్సాప్ స్టేటస్‌లో ఎవరి బొమ్మ పెట్టారు, ఎవరి మారుపేరు ఏమిటి, ఈ వివరాల్లో అది రోజూ కనబడుతుంది. మారుపేర్లతో మొదలైన వేధింపును ‘పిల్లల ఆట’ అని వదిలేసిన బడి, ఆ తర్వాత కొట్లాట జరిగితే ఆశ్చర్యపోవడానికి అర్హత కోల్పోతుంది. కుల దూషణ ఎదుర్కొన్న పిల్లవాడు దాన్ని ఇంట్లోనూ చెప్పడు. అది మళ్లీ పెద్ద గొడవ అవుతుందని భయం. అతనికి బడిలో ఒక నమ్మకమైన మనిషి అవసరం మరింత ఎక్కువ.

రొయ్యల చెరువుల సంగతి క్లుప్తంగా. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో ఇంటి మూడ్ చెరువు మీద ఆధారపడి ఉంటుంది. తెల్లమచ్చ వైరస్ సోకితే రాత్రికి రాత్రి పెట్టుబడి నీటిపాలు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్య ధర గురించిన కంగారు ప్రతి చెరువు గట్టుకూ పాకింది. అప్పులవాళ్లు ఇంటికి వచ్చిన రోజు ప్రైవేటు బడిలో ఫీజు బకాయి ఉన్నవారి పేర్లు తరగతిలో చదివితే ఆ పిల్లవాడు దాన్ని జీవితకాలం మరచిపోడు. ఫీజు మాట తల్లిదండ్రులతోనే మాట్లాడాలి. ఇంత మామూలు మర్యాదను కూడా రాసి చెప్పుకోవాల్సి రావడం విచారకరం.

ఇన్ని కారణాలను ఒక ఉపాధ్యాయుడు ఎలా పట్టుకోగలడు? అతని చేతిలో ఇప్పటికే ఒక పరికరం ఉంది. హాజరు పట్టీ. ఇప్పుడు హాజరు యాప్‌లో వేస్తున్నా, పాత పుస్తకాన్ని అడ్డంగా చదివే అలవాటు పోగొట్టుకోకూడదు. యాప్ ఇవాళ ఎంతమంది వచ్చారో చెబుతుంది. పుస్తకం ఒక పిల్లవాడి నెలంతా ఒకే వరుసలో చూపిస్తుంది. ప్రతి సోమవారం రాని పిల్లవాడి ఇంట్లో ఆదివారం రాత్రి ఏం జరుగుతోందో ఆలోచించాలి. తాగి గొడవపడే తండ్రి కావచ్చు. నెలకు నాలుగు రోజులు వరుసగా రాని అమ్మాయికి బడిలో మరుగుదొడ్డి సరిగా ఉందో లేదో చూడాలి. ఏడు నుంచి ఇంటర్ వరకు ఆడపిల్లలకు నెలకు పది శానిటరీ న్యాప్‌కిన్లు ఇచ్చే ‘స్వేచ్ఛ’ కార్యక్రమం 2021 అక్టోబరులో మొదలైంది. న్యాప్‌కిన్ ఉన్నా నీళ్లు రాని కుళాయి ఉంటే ఆ అమ్మాయి ఇంటి దగ్గరే ఆగిపోతుంది. ఫలానా టీచరు మొదటి పీరియడ్ ఉన్న రోజునే ఆలస్యంగా వచ్చే పిల్లలు ఇద్దరు ముగ్గురు కనబడితే ప్రధానోపాధ్యాయుడు ఆ టీచరుతోనే మాట్లాడాలి. సంక్రాంతి తర్వాత వారం దాటినా రాని తొమ్మిదో తరగతి కుర్రాళ్లు పందేల బరుల దగ్గర చేసిన అప్పు వల్ల దాక్కుని ఉండవచ్చు. పదో తరగతి అమ్మాయి ఫిబ్రవరిలో హఠాత్తుగా రావడం మానేస్తే అదే రోజు ఇంటికి వెళ్లాలి, మర్నాడు కాదు.

ఎందుకంటే పెళ్లి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. తల్లి దగ్గర లేని ఇంట్లో ‘ఆడపిల్ల బాధ్యత తీరిపోతుంది’ అన్న మాట తేలికగా నోటికి వస్తుంది. అమ్మమ్మకు ఆరోగ్యం బాగోలేకపోతే ఆ మాట మరింత తొందరపడుతుంది. అమ్మాయి స్నేహితురాళ్లకు ఈ సంగతి ముందే తెలుస్తుంది. వారు ఆ మాట చెప్పుకోగలిగే టీచరు ఒకరు ఉంటే గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసుకో, పిల్లల సహాయ నంబరు 1098కో సమయానికి కబురు అందుతుంది. పెళ్లి ఆగాక కూడా పని ఉంది. ఆ అమ్మాయి ఊరి దృష్టిలో పెళ్లి చెడగొట్టుకున్న పిల్ల అవుతుంది. తిరిగి తరగతిలో కూర్చున్నప్పుడు ఎవరూ ఏమీ అడగకుండా, పక్కన చోటు ఉంచి కూర్చోబెట్టుకునే వాతావరణం బడే కల్పించాలి.

దండన విషయంలో సమాజానిదీ, చట్టానిదీ చెరో దారి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ‘కళ్లు రెండూ వదిలేసి మిగతా ఒళ్లు మీ ఇష్టం మాస్టారూ’ అని తండ్రి తానే తెచ్చి అప్పగించే రోజులు మాత్రం పూర్తిగా పోలేదు. కర్ర తగ్గింది, నిజమే. దాని స్థానంలో మాట వచ్చింది. మార్కుల ప్రకారం సెక్షన్లు విడగొట్టి, చివరి సెక్షన్‌కు ఎవరూ పైకి చెప్పని ఒక పేరు పెట్టడం, అసెంబ్లీలో తక్కువ మార్కుల వారిని నిలబెట్టడం, ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ, నీట్ పేర్లతో బ్యాచ్‌లు చేయడం డెల్టా పట్టణాల ప్రైవేటు బడుల్లో మామూలైపోయింది. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయవద్దనీ, బహిరంగంగా సిగ్గుపరచవద్దనీ సుప్రీంకోర్టు పై తీర్పులోనే స్పష్టంగా చెప్పింది. కొట్టినా ఏమీ అనని తల్లిదండ్రులు ఈ తీర్పు పేరు చెప్పి సెక్షన్ గురించి అడగడం మొదలుపెడితే బడులు మారతాయి. అడిగేవారు లేనంతవరకు ఫ్లెక్సీ మీద ర్యాంకుల ఫొటోలే బడికి ముఖం.

పిల్లల మీద నిజమైన కన్ను ఉన్నవారు కొందరు బడిలో ఇప్పటికే ఉన్నారు. వారి మాట ఎవరూ అడగరు. మధ్యాహ్న భోజనం వండి వడ్డించే ఆడవాళ్లకు ఏ పిల్ల రెండు రోజులుగా అన్నం కెలికి వదిలేస్తోందో, ఎవరు గుడ్డు తినకుండా చెల్లికి దాచి తీసుకెళ్తున్నారో, ఎవరు ఎవరి పక్కన కూర్చోవడం మానేశారో తెలుసు. ఈ పథకానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళగాని వేళ వచ్చిన బాటసారికి కూడా అన్నం పెట్టిన ఆ తల్లి ఈ డెల్టా మనిషే. ఆవిడ పేరున్న భోజనశాలలో పిల్ల తిన్నదా లేదా అన్నది అంకెగా యాప్‌కు చేరుతుంది. ఎందుకు తినలేదన్నది వడ్డించిన మనిషి దగ్గరే ఆగిపోతుంది. వారానికి ఒకసారి వంట చేసేవారు, ఆయా, వాచ్‌మన్, వ్యాయామ ఉపాధ్యాయుడు, తరగతి ఉపాధ్యాయులు పదిహేను నిమిషాలు కలిసి కూర్చుని పేర్లు చెప్పుకుంటే ఆ సమాచారం వృథా పోదు. ముఖ్యంగా వ్యాయామ ఉపాధ్యాయుడిని పిలవాలి. పిల్లలు మైదానంలో ముసుగు తీసేస్తారు. ఒంటి మీద దెబ్బల గుర్తులు మొదట కనబడేది కూడా ఆయనకే.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. పిల్లవాడి కష్టం స్టాఫ్‌రూములో కబురు కాకూడదు. ‘వాళ్ల అమ్మ అక్కడ ఇంకొకరితో ఉంటోందట కదా’ అని ఒక టీచరు పక్క టీచరుతో అన్నది ఆ పిల్ల చెవిన పడితే ఆ బడిలో ఇక ఎవరికీ అది నోరు విప్పదు. ఆ పిల్ల స్నేహితురాళ్లూ విప్పరు. పదిహేను నిమిషాల సమావేశంలో ఎవరిని గమనించాలి, ఎవరు మాట్లాడతారు అన్నంతవరకే అనుకోవాలి. కారణం మాట్లాడిన మనిషి దగ్గరే ఉండాలి.

అదే సమయంలో ‘ఎవరికీ చెప్పను’ అని పిల్లకు మాట ఇవ్వకూడదు. లైంగిక వేధింపు సంగతి అయితే చెప్పి తీరాలి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు, సంస్థను నడిపేవారు తమ కింది ఉద్యోగి విషయంలో దాచిపెడితే ఏడాది వరకు జైలుశిక్ష ఉంటుంది. పరువు పోతుందని బడి కమిటీ పెద్దలను కూర్చోబెట్టి రాజీ చేయడం నేరం. కాబట్టి మొదటే నిజాయితీగా చెప్పాలి. ‘నువ్వు చెప్పేది నీ క్షేమానికి అవసరమైనవారికి మాత్రమే చెబుతాను, ఎవరికి చెబుతానో ముందు నీకు చెబుతాను’ అనే మాట పిల్లలు బాగానే అర్థం చేసుకుంటారు. విన్న టీచరు పోలీసులా గుచ్చి గుచ్చి అడగకూడదు. పిల్ల చెప్పిన మాటలను చెప్పినట్టే రాసుకోవాలి. పదిమంది ముందు మళ్లీ మళ్లీ చెప్పించకూడదు.

ఫిర్యాదుల పెట్టె గురించి కూడా ఒక మాట. చాలా బడుల్లో అది ప్రధానోపాధ్యాయుడి గది ఎదురుగా, అందరూ తిరిగే వరండాలో, గోడకు ఎత్తుగా ఉంటుంది. అందులో కాగితం వేసే పిల్లను బడి మొత్తం చూస్తుంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో, ఎన్నాళ్లకు ఒకసారి తెరుస్తారో పిల్లలకు తెలియదు. పెట్టెను గ్రంథాలయం మూలలోనో, ఆడపిల్లల మరుగుదొడ్లకు వెళ్లే దారిలోనో పెట్టి, ప్రతి శుక్రవారం తెరుస్తామని దాని మీదే రాసి, తెరిచిన తర్వాత ‘ఈ వారం వచ్చినవి ఇన్ని, చర్య తీసుకున్నవి ఇన్ని’ అని పేర్లు లేకుండా అసెంబ్లీలో చెబితే అది పని చేయడం మొదలవుతుంది. పెట్టె పక్కనే రెండు నంబర్లు పెద్ద అక్షరాల్లో ఉండాలి. పిల్లల సహాయానికి 1098, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416. రెండూ ఉచితం. టెలీ మానస్‌లో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందని ఒక పిల్లవాడు నోట అన్నా, పుస్తకం చివరి పేజీలో రాసినా దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకూడదు. అతన్ని ఒంటరిగా వదలకుండా, నేరుగా అడిగి, ఆ రోజే ఇంటివారిని పిలిపించి, నిపుణులతో మాట్లాడించాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. అడిగితే బరువు దిగుతుంది.

ఇదంతా విని ఏ ఉపాధ్యాయుడైనా వేసే మొదటి ప్రశ్న న్యాయమైనదే. సమయం ఎక్కడుంది? మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించే బాధ్యత కూడా కొన్నేళ్లు వారి నెత్తిన పడింది. హాజరు, భోజనం, పుస్తకాల కిట్లు, పరీక్షల మార్కులు, అన్నీ తెరల మీద నింపాలి. నలభై మంది పిల్లల కష్టాలు కూడా మోయమంటే మోసేవారికే జబ్బు చేస్తుంది. అందుకే ఇది అదనపు సేవగా కాక టైంటేబుల్‌లో పీరియడ్‌గా ఉండాలి. రోజూ మొదటి పీరియడ్‌కు ముందు పది నిమిషాలు తరగతి ఉపాధ్యాయుడు తన తరగతితోనే ఉండాలి. ఆ పది నిమిషాల్లో పాఠం చెప్పకూడదు, ఫీజు అడగకూడదు, నోటీసు చదవకూడదు. వారానికి ఒక పీరియడ్ విడిగా పిల్లలతో మాట్లాడటానికి ఇవ్వాలి. వీలైతే ఆరో తరగతిలో పట్టుకున్న పిల్లలను ఎనిమిది వరకు అదే ఉపాధ్యాయుడు నడిపించాలి. ఏటా కొత్త ముఖం వస్తే పిల్లలు ఏటా మొదటి నుంచి నమ్మడం నేర్చుకోవాలి. పేర్ల పక్కన చుక్క ఉన్న పిల్లలు పది మందికి మించితే వారిని ఇంకో ఉపాధ్యాయుడితో పంచుకోవాలి. తనిఖీకి వచ్చే మండల విద్యాశాఖాధికారి సిలబస్ ఎక్కడి వరకు వచ్చిందని అడిగినట్టే ‘ఈ నెల ఎంతమందితో విడిగా మాట్లాడారు?’ అని అడగాలి. పిల్లల వివరాలు అడగక్కర్లేదు. పై అధికారి అడిగే ప్రశ్నను బట్టే బడి దేనికి విలువ ఇవ్వాలో నిర్ణయించుకుంటుంది.

ఇంత శ్రద్ధతో పదేళ్ల బడి నడిచినా, చివర్లో ఒక తెగిన చోటు మిగిలిపోతుంది. పదో తరగతి అయిపోగానే డెల్టా పిల్లలు విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్నం హాస్టళ్లకు వెళ్లిపోతారు. చేతిలో టీసీ, మార్కుల జాబితా, స్టడీ సర్టిఫికెట్ ఉంటాయి. రాత్రి ఒంటరిగా పడుకోలేడని, గత ఏడాది తండ్రిని పోగొట్టుకున్నాడని, అమ్మ పేరు ఎత్తితే మాట్లాడడని ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు. ఉండకూడదు కూడా. అది ప్రతి గుమస్తా చదవాల్సిన సంగతి కాదు. కానీ కొత్త చోట మొదటి మూడు నెలలే అన్నిటికంటే కష్టమైనవి. పిల్లవాడు, ఇంటివారు ఒప్పుకుంటే పాత తరగతి ఉపాధ్యాయుడు కొత్త హాస్టల్ వార్డెన్‌కు ఒకసారి ఫోను చేయాలి. దసరా సెలవుల్లోపు ఆ పిల్లవాడికి కూడా రెండుసార్లు చేయాలి. ఏం చదువుతున్నావు అని కాక, రాత్రి ఏం తిన్నావు, గదిలో ఎవరున్నారు, ఎవరితో మాట్లాడుతున్నావు అని అడగాలి. జవాబు తేడాగా వినబడితే ఆ రోజే అమ్మమ్మకు చెప్పి, ఇంటి నుంచి ఒకరిని హాస్టల్‌కు పంపించాలి.